వాడని సామాను ఇరుగుపొరుగుల మధ్య తిప్పుకోవడం: అమ్మాలా, ఇచ్చేయాలా, చేబదులివ్వాలా?

మూడో అంతస్తు:
అందరికీ నమస్కారం. మేముండేది 70 ఇళ్ళున్న భవనం. పోయిన వారం అటక సర్దాను. పెట్టెలోంచి ఒక్కసారైనా బయటికి తీయని మిక్సీ, రెండు ట్రాలీ సూట్‌కేసులు, మా వాడి మొదటి సైకిలు, ఒక డ్రిల్లు, పిల్లల మంచం విడిభాగాలు, మడత కుర్చీలు నాలుగు బయటపడ్డాయి. డ్రిల్లు కొని ఐదేళ్ళయింది, వాడింది నాలుగుసార్లు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటీ ఎవరికీ ఉపయోగపడటం లేదు.

నన్ను కదిలించింది సైకిలు. దాన్ని దింపిన రోజు సాయంత్రమే కింది ఇంటివాళ్ళు తమ పాపకి అదే సైజు కొత్తది కొనుక్కొచ్చారు. మా అటకకీ వాళ్ళ గుమ్మానికీ మధ్య ఉన్నవి రెండు అంతస్తుల మెట్లు. మా దగ్గర ఉందని వాళ్ళకి తెలీదు, వాళ్ళకి కావాలని మాకు తెలీదు.

అందుకే మా భవనం వరకు ఒక గ్రూపు పెడదామనుకుంటున్నాను. కానీ టెన్షన్‌గా ఉంది. రోజూ లిఫ్టులో ఎదురుపడే మనుషులతో బేరాలు పెట్టుకుంటే పలకరింపులు పోతాయేమో. ఇలాంటిది నడిపినవాళ్ళుంటే చెప్పండి. ధర ఎలా పెట్టాలి, ఒకే వస్తువుని నలుగురు అడిగితే ఎవరికివ్వాలి, గొడవలు ఎక్కడ మొదలవుతాయి?

పాత రేడియో:
మంచి పని తలపెట్టారండీ. మా కాలనీలో ఆరేళ్ళుగా ఇది చూసుకుంటున్నాను. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటే. అమ్మకాలు, ఉచితంగా ఇచ్చేవి, చేబదులు ఇచ్చేవి ఒకే చోట కలపకండి.

మేం మొదటి ఏడాది కలిపేశాం. ఒకావిడ చదువుకునే బల్ల ఉచితంగా ఇస్తానని పెట్టారు. దాని కిందే ఇంకొకరు అలాంటి బల్లనే డబ్బుకి పెట్టారు. వాళ్ళేదో తప్పు చేసినట్టు కొందరు మాట్లాడారు. ఆ ఇంట్లో అప్పుడు ఆ డబ్బు అవసరం, అది పదిమందిలో చెప్పుకునే విషయం కాదు. వాళ్ళు మళ్ళీ ఏమీ పెట్టలేదు, పలకరించినా ముభావంగానే ఉండేవారు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి మూడూ విడివిడిగా నడుపుతున్నాం.

ఉచితంగా ఇవ్వడం మీదే నిలబడిన పెద్ద ప్రయత్నాలు రెండున్నాయి, వాటి నుంచి మేం చాలా నేర్చుకున్నాం. 2003లో అమెరికాలోని టూసాన్ నగరంలో డెరాన్ బీల్ ఫ్రీసైకిల్ మొదలుపెట్టారు. పనికొచ్చే సామాను చెత్తగుట్టల్లో కలవకుండా ఆపడం దాని ఉద్దేశం. 2013లో అమెరికాలోనే బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో రెబెకా రాక్‌ఫెల్లర్, లీసెల్ క్లార్క్ బై నథింగ్ మొదలుపెట్టారు. దాంట్లో నాకు బాగా నచ్చింది, ముందు అడిగినవాళ్ళకే ఇవ్వాలన్న నియమం లేకపోవడం. కాస్త ఆగి, ఎవరికి ఎందుకు కావాలో విని, ఇచ్చేవాళ్ళే నిర్ణయించుకోవచ్చు. మేం 24 గంటలు ఆగుతాం. లేకపోతే ఎప్పుడూ ఫోన్ చూస్తూ ఉండగలిగేవాళ్ళకే అన్నీ వెళ్తాయి. డ్యూటీ దిగి రాత్రి పదింటికి చూసుకునే మనిషికి వంతు రాదు.

వెన్నెల మెట్లు:
రేడియో గారూ, 24 గంటల మాట ఒప్పుకుంటాను. కానీ ఇచ్చేవాళ్ళు ఎంచుకోవడం అంటే నాకు భయం. మా దగ్గర అలా చేస్తే మంచివన్నీ ముగ్గురు నలుగురు స్నేహితుల మధ్యే తిరిగాయి. మేం ఇప్పుడు చీటీలు వేస్తున్నాం. ఎవరి కథ ఎక్కువ బాధగా ఉందో పోల్చుకోవాల్సిన అవసరం కూడా తప్పింది.

పాత రేడియో:
మీరన్న చివరి మాట నిజమే. కావాలన్నవాళ్ళు కారణం చెప్పాలని మేం ఇప్పుడు అడగటం లేదు. చెప్పాలనిపిస్తే చెబుతారు.

నీలిమేఘం:
ధర గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను చాలాకాలం తప్పుగా పెట్టాను.

మన చేతిలో ఉన్న వస్తువు మనకి ఎప్పుడూ ఎక్కువ విలువగానే కనిపిస్తుంది. డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్, మరో సహ పరిశోధకుడు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో సగంమందికి మగ్గులు ఇచ్చారు. మగ్గు ఉన్నవాళ్ళని ఎంతకి అమ్ముతారని, లేనివాళ్ళని ఎంతకి కొంటారని అడిగారు. అమ్మేవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళు చెప్పినదానికి రెట్టింపు పైనే ఉంది. ఆ మగ్గు వాళ్ళ చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు. మరి పదేళ్ళు మనింట్లో ఉన్న సోఫా సంగతి చెప్పక్కర్లేదు. అవతలివాళ్ళు తక్కువ అడిగినప్పుడు మనల్ని చులకన చేస్తున్నారనిపిస్తుంది. నిజానికి వాళ్ళకి సోఫా మాత్రమే కనిపిస్తోంది, మనకి దాని మీద కూర్చున్నవాళ్ళందరూ కనిపిస్తున్నారు.

నేనిప్పుడు చేసేది ఇది. "ఈ వస్తువు నా దగ్గర లేదు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలి, ఎంతిస్తాను?" అని నన్ను నేను అడుగుతాను. వచ్చిన జవాబే ధర. కొన్న ధర, బిల్లు, అప్పట్లో ఎంత కష్టపడి కొన్నాం అన్నవి పక్కన పెట్టేస్తాను. ఒకటే ధర రాస్తాను, లోపాలు ఫొటోతో సహా ముందే పెడతాను. గీతలు పడితే గీతల ఫొటో, జిప్పు పట్టేస్తే ఆ మాట. వారంలో పోకపోతే సగానికి తగ్గిస్తాను, ఇంకో వారానికి ఉచితాల గ్రూపులోకి మారుస్తాను. తేదీ ముందే రాసేస్తాను కాబట్టి బేరమాడి మొహం చిన్నబుచ్చుకునే పని ఇద్దరికీ ఉండదు.

గీతల చొక్కా:
నాకు జరిగింది చెబుతాను. దాదాపు కొత్తగా ఉన్న కుట్టుబల్ల, కుర్చీ ఒకరికి ఉచితంగా ఇచ్చాను. మూడో రోజు అవే వస్తువులు, నేను తీసిన ఫొటోలతోనే, బయట అమ్మకానికి కనిపించాయి. గుండె కలుక్కుమంది. డబ్బు కావాలంటే నేనే అమ్ముకునేదాన్ని కదా. అప్పటినుంచి ఏదైనా ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి పోతోంది. దీనికి ఏమైనా నియమం పెట్టొచ్చా?

వెన్నెల మెట్లు:
పెట్టొచ్చండీ. "ఇది మీరు వాడుకోవడానికే, మళ్ళీ అమ్మకండి" అని ముందే రాయండి. అలా రాసినవాటికి మా దగ్గర అది నియమం. రాయనివాటికి కాదు.

పాత రేడియో:
అమ్మా, మీ బాధ అర్థమైంది. మా దగ్గర ఇలాంటిది జరిగినప్పుడు నేను వెళ్ళి నేరుగా అడిగాను. బల్ల కావాలనే తీసుకున్నారట, ఇంట్లో పట్టలేదట, ఆ వారం అద్దెకి తగ్గితే అమ్మేశారట. చెప్పడానికి సిగ్గుపడ్డారు. అందరి వెనకా ఇలాంటి కారణమే ఉంటుందని అనను. ప్రతి ఉచిత వస్తువునీ పట్టుకెళ్ళి అమ్మే మనిషి ఒకరు మా దగ్గరా ఉండేవారు, ఆయన్ని గ్రూపు నుంచి తీసేశాం. కానీ ఒకసారి జరిగినదానికీ, అదే పనిగా చేసినదానికీ తేడా చూడాలి. మీ ఫొటోలు వాడటం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

కొత్తగా వచ్చాను:
నేను ఇక్కడ చదవడమే తప్ప రాయను. అందరూ ఇచ్చేవైపు నుంచి మాట్లాడుతున్నారు, తీసుకునేవైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఉద్యోగం మారి, ఇద్దరు పిల్లలతో, రెండు సంచులతో కొత్త చోటుకి వచ్చాను. ఇంట్లో చాప తప్ప ఏమీ లేదు. అక్కడి గ్రూపులో పరుపు, ఇస్త్రీపెట్టె అడగడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. టైప్ చేయడం, చెరిపేయడం. చివరికి రాత్రి పన్నెండింటికి పెట్టి ఫోన్ బోర్లా పెట్టేశాను.

పొద్దున్నకి ఆరుగురు రాశారు. నలుగురు ఎంతో మంచివాళ్ళు. ఒకరు పరుపు ఎండలో పెట్టి, కవరు ఉతికి, తాడు కట్టి ఇచ్చారు. ఆ ముడి విప్పుతుంటే ఏడుపొచ్చింది. ఇంకొకరు ఇచ్చిన సంచిలో చిరిగిన దుప్పట్లు, హ్యాండిల్ లేని గిన్నెలు ఉన్నాయి. "మీకు ఏదైనా పనికొస్తుందిలే" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నాకు తెలుసు. కానీ ఆ "లే" ఇప్పటికీ చెవిలో ఉంది.

దయచేసి ఉతికి ఇవ్వండి, తుడిచి ఇవ్వండి. పనిచేయకపోతే పనిచేయదని చెప్పండి. ఇచ్చాక "బాగా వాడుకుంటున్నారా" అని పదిమంది ముందు అడగకండి. ఫొటో పెట్టి కృతజ్ఞతలు చెప్పమని అడగకండి. మేం మర్చిపోం. నేను నిలదొక్కుకున్నాక ఆ గ్రూపులో ఇప్పటికి పదకొండు వస్తువులు ఇచ్చాను, పరుపుకి కట్టినట్టే అన్నిటికీ తాడు కట్టి.

మూడో అంతస్తు:
మీరు రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మా గ్రూపు మొదటి నియమం మీ మాటలతోనే రాస్తాను: ఉతికి, తుడిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వాలి.

రెండేళ్ళ బాబు అమ్మ:
అక్కా, పిల్లల సామాను గురించి ఒక హెచ్చరిక. బట్టలు, బొమ్మలు, పుస్తకాలు, సైకిళ్ళు హాయిగా చేతులు మారొచ్చు. పిల్లలు ఎదిగిపోయే వేగానికి కొత్తవి కొనడం నాకు అనవసరమే అనిపిస్తుంది. కానీ కొన్ని మాత్రం మంచి మనసుతో కూడా ఇవ్వకండి.

కారులో పిల్లల సీటు ఒకటి. దాని మీద గడువు తేదీ ఉంటుంది, సాధారణంగా తయారైనప్పటి నుంచి ఆరు నుంచి పదేళ్ళు. ప్రమాదంలో ఉన్న సీటు పైకి బాగానే ఉన్నా లోపల బలం పోయి ఉండొచ్చు. దాని చరిత్ర పూర్తిగా తెలిసిన మనిషి దగ్గర తప్ప తీసుకోకూడదు. హెల్మెట్ కూడా అంతే. లోపలి నురుగు ఒక దెబ్బకి నలిగిపోయి తలని కాపాడుతుంది, రెండో దెబ్బకి ఆ శక్తి ఉండదు. నలిగిందో లేదో బయటి నుంచి కనబడదు.

పిల్లల మంచం అన్నారు కదా, అది పక్క కటకటా కిందికి జారే రకమా? పిల్లలు సందులో ఇరుక్కుని చనిపోయిన ఘటనల తర్వాత అమెరికాలో 2011 నుంచి ఆ రకం అమ్మకం నిషేధించారు. ఇది మీకు తెలియాలనే రాస్తున్నాను, తప్పు పట్టడానికి కాదు. బోల్టు ఒక్కటి పోయినా ఇవ్వకండి. పాతకాలపు రంగులు వేసిన బొమ్మల్లో సీసం ఉండొచ్చు, పెచ్చులు లేస్తున్నవైతే అసలే వద్దు.

మూడో అంతస్తు:
ఇప్పుడే వెళ్ళి చూశాను. జారే రకమే. పక్క కటకటాకి ఒక కొక్కెం కూడా లేదు. ఇంకో వారం అయితే ఇచ్చేసేదాన్ని. దాన్ని విడగొట్టేస్తాను, ఎవరికీ ఇవ్వను.

స్క్రూడ్రైవర్:
ఎలక్ట్రిక్ సామాను, ఫోన్ల గురించి నా వంతు.

ప్లగ్ పెట్టి, నడిపి చూపించి ఇవ్వండి. వైరు ఎక్కడైనా పగిలి లోపలి తీగ కనబడితే ఇవ్వకండి, లేదా వైరు మార్పించి ఇవ్వండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్, ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకూడదు, మామూలు చెత్తలోనూ వేయకూడదు, అవి అంటుకుంటాయి. ఫ్రిజ్ వీలైనంతవరకు నిలువుగానే మోయాలి. పడుకోబెట్టాల్సి వస్తే, నిలబెట్టిన వెంటనే స్విచ్ వేయకుండా కొన్ని గంటలు ఆగాలి, కంప్రెసర్ లోంచి జారిన ఆయిల్ మళ్ళీ వెనక్కి దిగాలి. పాత ఫ్రిజ్ మంచిదే అయినా కరెంటు బాగా తాగుతుంది, తీసుకునేవాళ్ళకి అది చెప్పడం న్యాయం.

ఫోన్ ఇచ్చేముందు మీ అకౌంట్ లోంచి బయటికి రండి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. వరుస ముఖ్యం. అకౌంట్ తీయకుండా సెట్టింగ్స్ బయటి నుంచి రీసెట్ కొడితే దొంగతనాల నుంచి కాపాడే తాళం పడుతుంది, తీసుకున్నవాళ్ళకి అది ఇటుకరాయితో సమానం. సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఫైళ్ళు డిలీట్ చేసినంత మాత్రాన పోవు, దాని మీద మళ్ళీ రాసే వరకు తిరిగి తీయొచ్చు. పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ వాడండి, లేదంటే డిస్క్ తీసేసి మిగతాది ఇవ్వండి.

బయటివాళ్ళకి అమ్మేవాళ్ళకి ఒక్కటి. డబ్బు అందుకోవడానికి మీరు పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. "ఈ కోడ్ స్కాన్ చేస్తే డబ్బొస్తుంది" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

నీలిమేఘం:
పరుపులు, సోఫాల గురించి కూడా చెప్పాలి. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. కుట్ల వెంబడి, మూలల్లో టార్చి వేసి నల్లటి చుక్కలు ఉన్నాయేమో చూడాలి. బట్టలైతే వేడి డ్రయ్యర్‌లో అరగంట వేస్తే చస్తాయి. పరుపుకి ఆ వీలు లేదు. అనుమానం ఉంటే వద్దనడమే మంచిది, ఇచ్చేవాళ్ళూ దాన్ని అవమానంగా తీసుకోకూడదు.

స్క్రూడ్రైవర్:
నేను అసలు రాయాలనుకున్నది చేబదులు గురించి. డ్రిల్లు ఎందుకు అమ్మడం? ఐదేళ్ళలో నాలుగుసార్లు వాడిన వస్తువుని అమ్మితే, కొన్నవాళ్ళ అటకెక్కుతుంది. 70 ఇళ్ళకి రెండు డ్రిల్లులు చాలు. నిచ్చెన ఒకటి, గోడకి రంగులేసే సామాను ఒక సెట్టు, సూట్‌కేసులు నాలుగు, మడత కుర్చీలు. కాలిఫోర్నియాలోని బర్కిలీలో పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచి పుస్తకాల్లాగే పనిముట్లు కూడా అరువిస్తోంది. నేను ఆ మాట మొదటిసారి చదివినప్పుడు మా భవనంలో ఎన్ని సుత్తులున్నాయా అని ఆలోచనలో పడ్డాను.

మా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. వస్తువు పేరు, తీసుకున్న తేదీ, ఇవ్వాల్సిన తేదీ, సంతకం. ప్రతి వస్తువుకీ ఒక బాధ్యుడు. డ్రిల్లు బిట్లు లెక్కపెట్టి ఇస్తాం, లెక్కపెట్టి తీసుకుంటాం, ఎంత దగ్గరివాళ్ళయినా. లెక్కపెట్టడం అనుమానం కాదని మొదటి రోజే అందరికీ చెప్పాం, అందువల్ల ఎవరూ నొచ్చుకోలేదు. వాడుతూ ఉండగా పాడైతే ఖర్చు అందరిదీ, పోగొడితే పోగొట్టినవాళ్ళది. ఇది ముందే రాసుకోకపోతే మాత్రం మొదటి వస్తువు విరిగిన రోజే గ్రూపు కూడా విరుగుతుంది.

పాత రేడియో:
పాడైన వస్తువుల సంగతి కూడా కలుపుతాను. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా మొదటి రిపేర్ కేఫ్ నడిపారు. పాడైనది పట్టుకెళ్తే, పని తెలిసినవాళ్ళు మన పక్కన కూర్చుని, మన చేతే బాగుచేయిస్తారు. మేం మూడు నెలలకోసారి అలా కూర్చుంటాం. మా దగ్గర ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, బొమ్మకార్లు ఎక్కువ వస్తాయి. అందరికంటే బిజీగా ఉండేది మా పాత టైలర్ గారు. ఆయన చెయ్యి పడితే జిప్పు మళ్ళీ నడుస్తుంది.

పక్కవీధి:
టైలర్ అంటే గుర్తొచ్చింది. మా అమ్మ కుట్టుమిషన్ ఉంది. ఆవిడ పోయి మూడేళ్ళు. కాళ్ళతో తొక్కేది, బాగా నడుస్తుంది. మా ఇంట్లో ఎవరికీ కుట్టడం రాదు. తుప్పు పడుతుందని తెలుసు, కానీ ఇవ్వడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

కొత్తగా వచ్చాను:
తొందరపడకండి అన్నా. మీరు ఇవ్వకపోయినా తప్పు లేదు. ముందు చేబదులుగా ఇచ్చి చూడండి, ఆరు నెలలు అని చెప్పి. తిరిగి వచ్చినప్పుడు మీకేమనిపిస్తుందో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

వెన్నెల మెట్లు:
నాన్నగారి రేడియో నేనూ ఇవ్వలేదు. దాన్ని వాడని సామానుగా నేను లెక్కపెట్టుకోను.

మూడో అంతస్తు:
నేను వెళ్ళి మొదలుపెడతాను. మళ్ళీ వచ్చి ఏమైందో రాస్తాను.

మూడో అంతస్తు (రెండు నెలల తర్వాత):
రాస్తానన్నాను కదా. 70 ఇళ్ళలో మొదటి వారం చేరినవి 12, ఇప్పుడు 41. మూడు గ్రూపులూ విడివిడిగానే పెట్టాం. ఉచితాల దాంట్లో 24 గంటలు ఆగి చీటీ తీస్తాం, పిల్లల చేత తీయిస్తున్నాం. సైకిలు ఇంకొక బాబుకి వెళ్ళింది. మిక్సీ నేను పెట్టిన ధరకి పోలేదు, సగానికి పోయింది, నీలిమేఘం గారు చెప్పినట్టే.

రెండు గొడవలయ్యాయి. తీసుకెళ్తానని చెప్పి మూడుసార్లు రానివాళ్ళ వల్ల ఒకటి. చెప్పిన టైముకి రాకపోతే వస్తువు తర్వాతి చీటీకి వెళ్తుందని ఇప్పుడు రాసుకున్నాం. రెండోది నిచ్చెన వంగిపోవడం. ఖర్చు అందరం పంచుకున్నాం, కానీ ముందే రాసుకోలేదు కాబట్టి ఒక సాయంత్రమంతా మాటలు నడిచాయి. స్క్రూడ్రైవర్ గారి మాట ముందే వినాల్సింది.

చెత్తలాంటి సామాను పెట్టినవాళ్ళు ఒక్కరే. నేను విడిగా వెళ్ళి మాట్లాడాను, ఆయనే తీసేశారు.

పక్కవీధి:
మిషన్ ఇచ్చానండీ, చేబదులుగానే. ఆయిల్ వేసి, బెల్టు మార్పించి ఇచ్చాను. తీసుకున్నమ్మాయి నిన్న ఫోన్ చేసింది. సొరుగులో అమ్మ దారపు ఉండలు, కొలతల చీటీ ఒకటి ఉన్నాయట, వాటిని తియ్యలేదు, ఎక్కడివక్కడే ఉంచాను అని చెప్పింది. చీటీ మీద నా చిన్నప్పటి చొక్కా కొలతలున్నాయి. ఆదివారం వెళ్ళి తెచ్చుకుంటాను. మిషన్ అక్కడే ఉంటుంది.

స్క్రూడ్రైవర్:
చాలా సంతోషం అన్నా. మూడో అంతస్తు గారూ, ఇంతకీ డ్రిల్లు ఏమైంది?

మూడో అంతస్తు:
ఇప్పుడు ఆరో ఇంట్లో ఉంది. ఈ రెండు నెలల్లో తొమ్మిదిసార్లు చేతులు మారింది, బిట్లన్నీ లెక్కకి ఉన్నాయి. వచ్చే శనివారం మాకు కర్టెన్ రాడ్ బిగించాలి, నోటుబుక్కులో నా పేరు రాసి వచ్చాను. నాకంటే ముందు ఇద్దరున్నారు.